రెండు అద్దాల మధ్య చెమ్మ

వరజ్దిన్ ఊళ్లో గుండెలు అమ్మే అంగళ్లు రెండే. ఒకటి చౌకులో బ్రెజ్నిక్ వాళ్లది, రెండోది దాని వెనక సందులో యాగొదది. గుండెలంటే తేనె, పిండి కలిపి కాల్చి, ఎర్రరంగులో ముంచి, అంచుల వెంట తెల్లటి పంచదారతో ముగ్గులా గీతలు గీసి, నడుమ గోరంత అద్దం అతికించిన రొట్టెలు. వాటిని ఎవరూ తినరు. ఇష్టమైనవాళ్లకు ఇస్తారు, గోడకు తగిలించుకుంటారు, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీస్తారు. ఒక్కో గుండె తయారు కావడానికి నెల పడుతుంది. పాడు కావడానికి ఒక్క తడి వారం చాలు.

చౌకులో అంగడికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. సందులో అంగడికి మాత్రం కిటికీయే పిలవాలి. కోడలిగా వచ్చిన మొదటి చలికాలంలోనే యాగొద ఈ లెక్క తేల్చుకుంది. కిటికీ ముందు ఆగినవాళ్లలో ముగ్గురికి ఇద్దరు తలుపు తోస్తారు. ఆగకుండా నడిచిపోయినవాళ్లలో ఒక్కరూ తోయరు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా ఆమె అంగడికంటే ఎక్కువగా కిటికీనే కనిపెట్టుకుని ఉంది.

ఇప్పుడు ఆ కిటికీయే ఆమెను చంపుకు తింటోంది.

అది పాతకాలపు జంట కిటికీ. లోపలి రెక్కలు గదిలోకి తెరుచుకుంటాయి, బయటి రెక్కలు వీధిలోకి. రెండింటి మధ్య మూరెడు చోటు. ఆ చోటులోనే చెక్కమెట్లు కట్టి గుండెలు పేరుస్తారు. మూడేళ్లుగా చలి మొదలయ్యేసరికి బయటి అద్దానికి లోపలివైపు ఆవిరి పడుతోంది. పొద్దున చుక్కలు, మధ్యాహ్నానికి ధారలు. కింది మెట్టు మీది గుండెల ఎర్రరంగు తెల్లగీతల్లోకి పాకి, గీతలు గులాబీరంగుకు తిరుగుతాయి. తుడుద్దామంటే మెట్లన్నీ ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసి తుడిచి మళ్లీ పేర్చేసరికి గంట. ఆ తర్వాత ఇంకో గంటకు మళ్లీ ఆవిరి. కిటికీ తీయించి ప్లాస్టిక్ చట్రంలో మూసేసిన కొత్త జంట అద్దం పెట్టించుకుందామంటే, ఆ వీధిలో ఇళ్లు పాతవి, కిటికీ మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదని నగరసభ కాగితం ఇచ్చింది.

పోయిన ఏడాది దెబ్బ గట్టిగానే తగిలింది. సరిహద్దు అవతలి గ్రాజ్ ఊరి నుంచి హెల్గా అనే ఆవిడ ఏటా నవంబరు ఆఖరి శనివారం వస్తుంది. ఆవిడకు అక్కడ ఆరు దుకాణాలు. వీధిలో నిలబడి కిటికీ చూసి, నచ్చితే లోపలికి వచ్చి, ఆరు దుకాణాలకూ చలికాలానికి సరిపడా సరుకు చెప్పి పోతుంది. పోయిన ఏడాది వచ్చింది, నిలబడింది. లోపలినుంచి యాగొదకు కనబడింది ఒక బూడిదరంగు మసక. ఆ మసక కాసేపు ఆగి, చౌకు వైపు కదిలిపోయింది. ఆ చలికాలంలో యాగొద చేసిన గుండెల్లో సగానికి సగం ఈస్టరు దాకా అటక మీదే ఉన్నాయి.

ఇక మందులు చెప్పనివాళ్లు లేరు. పక్కన పూలు అమ్మే రూజా, గ్లాసులో ఉప్పు పోసి పెట్టమంది. పెడితే ఉప్పు నీరై, గ్లాసు పొంగి, ఒక పెద్దగుండె అడుగు కరిగిపోయింది. ఉత్తరాల బంట్రోతు బియ్యం అన్నాడు. బియ్యానికి పురుగు పట్టింది. ఇంకెవరో గడ్డం గీసుకునే నురగ అద్దానికి రాసి తుడవమన్నారు. అది రెండు రోజులు పనిచేసింది, మూడోరోజు నుంచి ఆవిరికి తోడు చారలు. పాదిరిగారు సైతం ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెను పక్కకు పిలిచి, పెంపుడు పిల్లుల తొట్టెలో తడి పీల్చడానికి పోసే పిల్లి ఇసుక సంగతి చెప్పాడు.

ఇవన్నీ అయ్యాక యాగొద తన బుర్రతో ఆలోచించింది. నీళ్లు వానలోంచి, మంచులోంచి, పొగమంచులోంచి వస్తాయి. అవన్నీ వీధిలో ఉన్నాయి. కాబట్టి వీధివైపు మూసెయ్యాలి. ఎండాకాలంలో ఒక మనిషిని పెట్టి బయటి రెక్కల చుట్టూ రబ్బరు పట్టీ వేయించి, దాని మీద సిలికాన్ జిగురు పూయించి, వెంట్రుక దూరే సందు లేకుండా బిగించేసింది.

ఆమె మామ వాలెంట్‌కు ఇది మహా నచ్చింది. ఎనభై దగ్గర పడ్డ మనిషి. రోజంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గుండెలకు దారాలు గుచ్చుతాడు. లోకంలో అన్ని రోగాలూ సందులోంచి దూరే గాలితోనే వస్తాయని ఆయన నమ్మకం. తలుపు తెరిచి ఉండగా ఎవరైనా కిటికీ తెరిచారా, మెడమీద చెయ్యి వేసుకుంటాడు.

"ఇన్నేళ్లకు నీకు బుద్ధి వచ్చిందే కోడలా," అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడింది అదే మొదటిసారి.

నవంబరు వచ్చింది. సమాధుల పండుగకు స్మశానంలో చామంతులు పెట్టి ఇంటికొచ్చి చూస్తే అద్దం మీద ఆవిరి. పోయిన ఏడాదికి రెట్టింపు. కింది చెక్క మీద నీళ్లు నిలిచి, చిన్న వేలు మునిగేంత మడుగు కట్టింది.

యాగొద పై అంగీ కూడా విప్పకుండా ఆ మడుగు వంక చూస్తూ నిలబడింది.

అదే సమయానికి ఒకావిడ లోపలికి వచ్చింది. "కిటికీలో పైమెట్టు మీద, ఎడమవైపు మూడోది. అది కావాలమ్మా."

"అలాంటివే ఇక్కడ బల్లమీద ఇరవై ఉన్నాయండి. అదే అచ్చు, అదే రంగు."

"అదే అచ్చయితే అదే ఇవ్వొచ్చుగా."

"తేడా ఏం లేదండి."

"తేడా లేదంటే మరి తియ్యడానికేం?"

ఈ మాటకు జవాబు ఇరవై రెండేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు. కొనేవాడికి కిటికీలో ఉన్నదే కావాలి. యాగొద లోపలి రెక్క లాగింది. అది ఉబ్బి, వంగి, సగంలో ఇరుక్కుంది. గట్టిగా గుంజి తీసి, గుండె తీసిచ్చి, మోకాలితో తన్ని మూసింది. మూసినా పైమూల వేలెడు సందు ఉండిపోయింది. గొళ్లెం ఊడి చేతిలోకి వచ్చింది.

"ఇక అయిపోయింది," అంది గొళ్లేన్ని చూసి. "మేస్త్రీని పిలుస్తాను."

టోమో మేస్త్రీ ఊళ్లోని పాత కోటలో కిటికీలు బాగుచేసే మనిషి. అరవై దాటినవాడు, తొందర తెలియనివాడు. గొళ్లెం బిగించడానికి వచ్చి, గొళ్లెం సంగతి వదిలేసి కిటికీ చట్రం చుట్టూ గోరుతో గీకుతూ తిరగడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, గొళ్లెం ఇక్కడుంది," అంది యాగొద.

"నాకు కళ్లున్నాయిలే. ఈ సిలికాన్ ఏ మహానుభావుడు పూశాడు?"

"నేనే పూయించాను. నీళ్లు రాకుండా."

"ఏ నీళ్లు?"

"ఈ నీళ్లు. బయటి నుంచి వచ్చే నీళ్లు."

టోమో చట్రం మీద రెండుచోట్ల వేలితో నొక్కాడు. వీధివైపు చెక్క గట్టిగా ఉంది. గదివైపు చెక్కలోకి గోరు దిగింది. "బయటి నుంచి తడి వస్తే బయట కుళ్లాలి కదమ్మా. ఇది లోపలి నుంచి కుళ్లింది. చూడు." సిగరెట్ ముట్టించి, లోపలి రెక్క పైమూల ఉన్న సందు దగ్గర పట్టుకున్నాడు. పొగ గదిలోకి రాలేదు. దారం లాగినట్టు సన్నగా సాగి రెండు అద్దాల మధ్యకు పోయింది. "ఈ రెక్క వంగినప్పటినుంచి నీ గదిలో గాలి అంతా ఇలాగే పోతోంది. వెచ్చటిగాలి, తడిగాలి. పోయి చల్లటి అద్దానికి తగిలి నీరవుతోంది. ఇదివరకు బయటి రెక్క వదులుగా ఉండి కాస్తో కూస్తో వీధిలోకి పోయేది. నువ్వు ఆ దారీ మూసేశావు."

"నా గదిలో తడి ఎక్కడిది? పొయ్యి వేసి ఎండబెడుతుంటే."

"ఏం ఎండబెడుతున్నావు?"

"గుండెలు."

"ఎండితే వాటిలో తడి ఎక్కడికి పోతుంది?"

యాగొదకు మాటలకంటే తూకం మీద నమ్మకం ఎక్కువ. కాటా దగ్గరకు పోయి, ఉదయం రంగులో ముంచిన గుండె ఒకటి, ఆరినది ఒకటి తూచింది. ఒక్కోదానికి పన్నెండు గ్రాములు తేడా. రేకుకు ఇరవై గుండెలు. వారానికి నలభై రేకులు. కాటా మీద చెయ్యి అలాగే ఉంచి నోట్లో గొణుక్కుంటూ కూడింది. దగ్గర దగ్గర పది లీటర్లు. బకెట్ నీళ్లు. వారం వారం తన చేతులతోనే బకెట్ నీళ్లు గాలిలో పోసి, మిగిలిన సమయమంతా వీధిలో దొంగ కోసం వెతుకుతూ కూర్చుంది.

"మరి ఇన్నాళ్లూ ఒక్కడూ ఈ మాట చెప్పలేదేం?" అంది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. "పాదిరిగారు పిల్లి ఇసుక తెచ్చుకోమన్నాడు."

"వాడావా?"

"ఆ సంగతి వదిలెయ్యి. ఏం చెయ్యాలో చెప్పు."

"లోపలి రెక్క బిగించాలి. బయటిది వదలాలి. ఆ సిలికాన్ అంతా కోసేసి, పైన కింద ఒక చీలిక గాలి ఆడేలా."

కుర్చీలోంచి వాలెంట్ లేచాడు. "ఎవరక్కడ వీధిగాలి ఇంట్లోకి తెస్తానంటోంది?"

"ఇంట్లోకి కాదు పెద్దాయనా, అద్దాల మధ్యకు. మీ వైపు నేను ఇంకా గట్టిగా మూస్తాను."

"మా నాన్న బయటి రెక్కకే దూది కుక్కేవాడు. ఆయన నాన్నా అంతే. మేం ఎవరం చావలేదు."

"మీ నాన్న పోలేదా?"

"తొంభై ఒకటికి పోయాడు. గాలి తగిలే."

యాగొద ఇద్దరి మధ్య నిలబడింది. హెల్గా రావడానికి పద్దెనిమిది రోజులు. మూయించడానికి ఒకసారి మనిషిని పెట్టింది, ఇప్పుడు అదే తెరిపించడానికి ఇంకో మనిషి. ఇంతకంటే తలతిక్క పని జన్మలో చెయ్యలేదు. కానీ కాటా అబద్ధం చెప్పదు. "కొయ్యి మేస్త్రీ," అంది. "మామయ్యా, మీరు మఫ్లర్ కట్టుకోండి."

"మఫ్లర్ కట్టుకునేవాడికి ఇల్లెందుకే, వీధి చాలు," అని వాలెంట్ కట్టుకున్నాడు.

టోమో రెండు రోజులు పనిచేశాడు. లోపలి రెక్క సాపుచేసి, రబ్బరు వేసి, పెట్టె మూతలా బిగించాడు. బయటి రెక్క చుట్టూ సిలికాన్ చీరేసి కీళ్లకు, వీధివైపు గడియకు నూనె వేశాడు. పోతూ పోతూ చెప్పాడు: "ఒక్కటే మాట. లోపలి రెక్క తెరవొద్దు. పొయ్యి చుట్టూ గుండెలు ఆరుతుండగా అసలే వద్దు. తెరిచావా, కాఫీ తాగేలోగా మళ్లీ మొదటికి వస్తావు."

నాలుగోరోజుకి అద్దం తేటపడింది. అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా. ఎర్రగుండెలు వీధి చివరి నుంచే కనబడుతున్నాయి. ఆగేవాళ్లు ఆగారు, తలుపు తోసేవాళ్లు తోశారు. తోసి అడిగారు: "కిటికీలో ఉన్నది."

"అది ఇవ్వడానికి కుదరదండి."

"అమ్మడానికి కాదా?"

"అమ్మడానికే. కానీ తియ్యడానికి కాదు."

మూతి తిప్పుకుని పోయారు. పది రోజుల్లో పదకొండు మంది అలా పోయారని యాగొద వేళ్లు మడిచి లెక్కపెట్టింది. చెమ్మ ఉన్న కిటికీతో ఒక నష్టం, చెమ్మ లేని కిటికీతో ఇంకొకటి. "హెల్గాను రానివ్వు. ఆ ఒక్కావిడ చూసి పోతే చాలు. తర్వాత ఈ కిటికీని ఇటుకలతో కట్టించేస్తాను," అంది భర్తతో. రైల్వేలో గార్డు పని చేసే ఆయన, ఏ సంగతికైనా ఊఁ కొట్టినట్టే దానికీ ఊఁ కొట్టాడు.

శనివారం మంచుకు ముందరి చలి. పన్నెండు రేకుల గుండెలు పొయ్యి చుట్టూ ఆరుతున్నాయి, మూకుడులో వాలెంట్ కోసం మాంసం కూరిన క్యాబేజీ ఆకుల చుట్టలు ఉడుకుతున్నాయి, లోపల అయిదుగురు బేరం చేస్తున్నారు. అద్దం అవతల బూడిదరంగు కోటు ఆగింది. ఈసారి మసక కాదు, గుండీలతో సహా కనబడింది. హెల్గా కిటికీని కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూసి తలుపు తోసింది.

"పోయిన ఏడాది మీరు లేరనుకున్నాను," అంది. వాళ్ల అమ్మమ్మది ఈ ప్రాంతమే కావడంతో ఆవిడకు ఈ భాష వచ్చు, మాట మాటకూ కాస్త ఆగుతుంది. "ఏమీ కనబడలేదు."

"ఉన్నామండి. కాఫీ?"

"ముందు ఆ గుండె. రెండో మెట్టు, చివరిది."

యాగొద బల్లమీది రేకు ముందుకు జరిపింది. "అలాంటివే నిన్న దిద్దినవి చూపిస్తాను. ఇంకా మెరుపు ఉంటుంది."

"మెరుపు నాకు అక్కర్లేదు. అది కిటికీలో ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులు."

"అందుకే అది కావాలి. పోయిన ఏడాది బ్రెజ్నిక్ దగ్గర పెట్టెలోంచి కొన్నాను. అన్నీ నిన్న దిద్దినవే. నా కిటికీల్లో పెట్టిన వారానికి అంచులు గులాబీ అయ్యాయి. కిటికీలో నిలబడినదాని వెనకవైపు చూస్తే గానీ తడి లాగిందో లేదో నాకు తెలియదు."

అది న్యాయమైన మాట. సరుకు తెలిసినవాళ్లు అడిగే మాట. అందుకే యాగొదకు మరీ ఒళ్లు మండింది. ఇవ్వనంటే ఈవిడ తలుపు వైపు తిరుగుతుంది. తెరిచి ఇస్తే, గదిలో ఉన్న ఆవిరి అంతా ఒక్కసారి అద్దాల మధ్య దూరి, ఈవిడ కళ్ల ముందే అద్దం తెల్లబడుతుంది. అదీ పన్నెండు రేకులు ఆరుతున్న రోజు, క్యాబేజీ ఉడుకుతున్న గంట. చెయ్యి లోపలి గొళ్లెం దాకా వెళ్లింది. వాలెంట్ దారం ఆపి చూస్తున్నాడు.

తడి ఇటువైపు ఉంది. అటువైపు లేదు. అటు ఉన్నది చలి ఒక్కటే.

"రండి," అంది యాగొద. "వీధిలోకి."

పీట ఒకటి చంకలో పెట్టుకుని, ఏప్రాన్ మీదే బయటికి నడిచింది. కిటికీ కింద పీట వేసి ఎక్కి, బయటి రెక్కలు రెండూ వీధిలోకి బార్లా తెరిచింది. ఎముకలు కొరికే గాలి గుండెల మీద నుంచి పోయింది. లోపలి అద్దం మీద ఒక్క చుక్క పట్టలేదు. దాని వెనక వాలెంట్ రెండు చేతులూ మెడ మీద వేసుకుని, నోరు కదుపుతూ కనబడ్డాడు. ఏమంటున్నాడో వినబడలేదు. మేస్త్రీ అంత బాగా బిగించాడు.

చివరి గుండె తీసి ఇచ్చింది. హెల్గా దాన్ని తిప్పి, వెనక బొటనవేలితో నొక్కి, గోటితో కొట్టింది. చెక్క మీద కొట్టినట్టు మోగింది.

"ఇంకోటి. కింది మెట్టుది."

అదీ మోగింది. ఇంకోటి. ఇంకోటి. ఈలోగా సందులో పోయేవాళ్లు ఆగారు. "ఇవాళ వీధిలోనే అమ్ముతున్నారా?" అని ఒకాయన అడిగాడు. రూజా పూలకొట్టులోంచి తల బయటపెట్టి, "యాగొదా, నీకేమైనా పిచ్చా, కోటు ఏదే?" అంది.

"ఇంట్లో."

"తెచ్చుకో మరి."

"దిగితే ఈవిడ పోతుంది."

హెల్గా నవ్వలేదు. ఎనిమిదో గుండె చూసి, చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. "బ్రెజ్నిక్‌కు ఈ ఏడాది మూడు దుకాణాలకు మాట ఇచ్చేశాను. ఆ మాట తప్పను. మిగిలిన మూడూ మీవి. పై ఏడు సంగతి, ఇవి ఈస్టరుకు ఎలా ఉంటాయో చూసి చెబుతాను."

మొత్తం అనుకుంది, సగం వచ్చింది. యాగొద పళ్లు టకటకలాడుతుండగానే తూచుకుంది. పోయిన ఏడాది సున్నా. సున్నా పక్కన మూడు దుకాణాలు.

"సరేనండి."

"ఈ కిటికీలోవి ముందు కట్టించండి. ఇవి నేనే కారులో తీసుకుపోతాను."

"అన్నీనా?"

"ఇవి చూశాను కదా."

ముప్పై ఒక్క గుండెలు. ఒక్కొక్కటే తీసి, చుట్టి, సర్ది, కారు దాకా మోసింది. కిటికీ బోసిపోయింది. ఖాళీ మెట్ల ముందు అప్పుడే నలుగురు నిలబడి, "ఇక్కడ ఏమున్నాయి?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. వెంటనే నింపాలి. నింపడం కూడా బయటి నుంచే. వేళ్లు కొయ్యలయ్యాయి. పీట మీద నిలబడి, లోపలికి చూసి, అద్దం మీద తట్టింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. వాలెంట్ వచ్చాడు. రెండు మఫ్లర్లు, చెవుల టోపీ, ఆపైన భుజాల మీద దుప్పటి. ఒక చేతిలో ఆమె కోటు, ఇంకో చేతిలో గుండెల రేకు. పదేళ్లుగా చలికాలంలో ఆయన ఇంటి గడప దాటి సమాధుల పండుగకు తప్ప ఇంకెందుకూ రాలేదు.

"లోపలినుంచి పెట్టి చావొచ్చుగా," అన్నాడు.

"లోపలినుంచి తెరిస్తే ఆవిరి పడుతుంది మామయ్యా."

"నాకు మెడ పట్టేస్తే?"

"పట్టేస్తే నేనే రుద్దుతాను."

ఆయన ఒకసారి వీధి ఆ చివరా, ఈ చివరా చూశాడు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, దానికి వీపు పెట్టి నిలబడి, కోటు ఆమె భుజాల మీద వేశాడు.

"ముందు పైమెట్టు," అన్నాడు. "పెద్దవి నడిమధ్యన పెట్టు, చివర్లకి కాదు. ఎన్నిసార్లు చెప్పాను."

"అందివ్వండి మరి," అంది యాగొద.